ఎనిమిదికి ఎనిమిది

మా పిన్ని రొమ్ము గడ్డ బయాప్సీ రిపోర్టులో ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) అన్నచోట 8/8 అని ఉంది. పిన్ని అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైన మనిషి. కళ్లజోడు సర్దుకుని చూసి, "ఎనిమిదికి ఎనిమిదా! పదో తరగతి లెక్కల్లో రాని మార్కులు దీంట్లో వచ్చాయే" అంది. పక్కనున్న అక్క, అంటే పిన్ని కూతురు, కళ్లు తుడుచుకుంటూ వరండాలోకి వెళ్లిపోయింది. పిన్ని మాత్రం నన్ను వదల్లేదు. "నువ్వు చేసేది ఆ పనే కదుటే. చెప్పు, నాకెందుకొచ్చింది? ఇద్దరు పిల్లల్ని కన్నాను. ఇద్దరికీ రెండేళ్లు పాలిచ్చాను. తల్లిపాలిస్తే రొమ్ము క్యాన్సర్ రాదని ఊళ్లో ఆడవాళ్లందరికీ చెప్పిందే నేను!"

ఏటా ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలు చేస్తారు కదా, అప్పుడు గోడకి అంటించే పోస్టర్లు పిన్ని దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. అందుకే ఆవిడకి భయం కంటే కోపం ఎక్కువగా ఉంది. తనని ఎవరో మోసం చేసినట్టు మాట్లాడుతోంది.

నేను గుంటూరులో ఒక ల్యాబ్‌లో హిస్టోపాథాలజీ టెక్నీషియన్ని. డాక్టర్ని కాదు, ముందే చెప్తున్నాను. ఆస్పత్రి నుంచి వచ్చిన ముక్కని మైనంలో బిగించి, మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోసి, గాజు స్లైడు మీదకెక్కించి రంగులు పట్టించడం నా పని. ఈస్ట్రోజెన్ రిసెప్టర్, అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని పట్టుకునే ప్రోటీన్, ఉన్న కణాల కేంద్రకాలు గోధుమ రంగుకి తిరుగుతాయి. లేనివి నీలంగానే ఉండిపోతాయి. ఎన్ని కణాలకి రంగు పట్టిందో చూసి 5 దాకా, ఎంత చిక్కగా పట్టిందో చూసి 3 దాకా మార్కులేస్తారు. రెండూ కలిపితే 8. పిన్ని స్లైడు మా ల్యాబ్‌లో చేసింది కాదు, అయినా అది ఎలా ఉండి ఉంటుందో చూడకుండానే చెప్పగలను. మైక్రోస్కోపులో ఎటు జరిపినా గోధుమ రంగే.

దాని అర్థం ఏమిటంటే, ఆ క్యాన్సర్ కణాలు ఒంట్లో తిరిగే ఈస్ట్రోజెన్‌ని పట్టుకుని దాని బలంతో పెరుగుతున్నాయి. పాశ్చాత్య దేశాల్లో రొమ్ము క్యాన్సర్లలో దాదాపు నాలుగింట మూడొంతులు ఈ రకమే. మన దగ్గర ఆ వాటా అంతకంటే తక్కువ, ఏ రిసెప్టరూ లేని ట్రిపుల్ నెగటివ్ రకం వాళ్లకంటే మనకి ఎక్కువ. ఈఆర్ పాజిటివ్ అయితే ఈస్ట్రోజెన్‌ని అడ్డుకునే మాత్రలు పనిచేస్తాయి, 8/8 ఉంటే ఇంకా బాగా పనిచేస్తాయి. కాబట్టి మంచి మార్కులే అని పిన్ని అనుకోవడంలో పూర్తిగా తప్పేం లేదు.

ఇక ఆవిడ ప్రశ్న. నిజానికి రిస్కు లిస్టు ముందు పెట్టుకుని చూస్తే ఇది పిన్నికి కాదు, మా అమ్మకి వచ్చి ఉండాలి.

అమ్మ పిన్ని కంటే ఐదేళ్లు పెద్ద. పిన్నిని మేనత్త కొడుక్కే ఇచ్చారు కాబట్టి పద్దెనిమిదికే పెళ్లి, అమ్మ కంటే ముందు. పంతొమ్మిదికి కొడుకు, అంటే మా అన్నయ్య, ఇరవై రెండుకి మా అక్క. అమ్మ బ్యాంకు ఉద్యోగం చేస్తూ, తమ్ముళ్ల చదువులయ్యేదాకా ఆగి, ముప్పైకి దగ్గర పడ్డాక పెళ్లి చేసుకుంది. నేను పుట్టేసరికి అమ్మకి 31. నా తర్వాత ఎవరూ లేరు. నాకు మూడో నెల నుంచే డబ్బా పాలు. పిన్ని పద్నాలుగో ఏట పెద్దమనిషైతే అమ్మ పన్నెండుకే అయింది. అమ్మకి ముట్లు ఆగింది 55కి.

ఇవన్నీ ఎందుకు లెక్కలోకొస్తాయంటే, ఒక ఆడమనిషి ఒంట్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ ఎన్నేళ్లపాటు నెలనెలా పైకీ కిందకీ ఆడాయన్నది ఇక్కడ పెద్ద విషయం. ముట్లు తొందరగా మొదలై ఆలస్యంగా ఆగితే ఆ ఏళ్లు పెరుగుతాయి. కాన్పులు, పాలివ్వడం ఆ ఏళ్లలో విరామాలు. పైగా మొదటి కాన్పుతో రొమ్ములోని కణాలు పూర్తిగా ఎదుగుతాయి, అది ఎంత చిన్న వయసులో జరిగితే ఆ తర్వాత అంత రక్షణ. ఇదేం కొత్తగా కనిపెట్టింది కాదు. 18వ శతాబ్దం మొదట్లోనే ఇటలీ వైద్యుడు రామజ్జీని, క్రైస్తవ సన్యాసినుల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా ఉందని రాశాడు. 1926లో ఇంగ్లండులో జానెట్ లేన్-క్లేపన్ అనే డాక్టరు, జబ్బు వచ్చినవాళ్లు ఓ 500 మందినీ, రానివాళ్లు మరో 500 మందినీ పక్కపక్కన పెట్టి పెళ్లి వయసు, కాన్పులు, పాలిచ్చిన కాలం అన్నీ అడిగి పోల్చింది. ఈరోజు మనం చెప్పుకునే లిస్టులో సగం ఆ నివేదికలోనే ఉంది. అప్పటికి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ అనేది ఒకటుందని కూడా ఎవరికీ తెలియదు.

మరి పాలివ్వడం వల్ల ఎంత రక్షణ? 2002లో లాన్సెట్ పత్రికలో 30 దేశాల నుంచి 47 అధ్యయనాలు కలిపి వేసిన లెక్క ఒకటి వచ్చింది. ఒక్కో కాన్పుకి రిస్కు 7 శాతం, పాలిచ్చిన ఒక్కో ఏడాదికి మరో 4.3 శాతం తగ్గుతుందని తేల్చారు. పిన్నికి రెండు కాన్పులు, నాలుగేళ్ల పాలు. కాగితం మీద వేసి చూపించాను. పిల్లలు లేనివాళ్లతో పోలిస్తే రిస్కు ఓ నాలుగో వంతు తగ్గినట్టు. పిన్ని ఆ కాగితం చాలాసేపు చూసింది. "నాలుగో వంతేనా? మరి మా పోస్టరు మీద రాదనే రాశారుగా" అంది. అవును, పోస్టరు మీద నాలుగో వంతు అని రాస్తే ఎవరు చదువుతారు? నాకు మాత్రం ఆ పోస్టర్ల మీద కోపమే. పాలిచ్చిన తల్లికి గడ్డ తగిలినప్పుడు "నాకది రాదులే" అని నెలల తరబడి ఊరుకోవడానికి ఆ ఒక్క మాట చాలు. పిన్ని అలాగే ఊరుకుంది, ఉగాది నుంచి దసరా దాకా.

రెండో మాట గర్భసంచిది. పిన్నికి 38వ ఏట గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అని వెళ్తే ఒక నర్సింగ్ హోమ్‌లో "పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టారు. పిన్ని ఒక్కతే కాదు, వాళ్ల వీధిలో సగం మందిది ఇదే కథ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తానికి 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలోనే మనం పైన. "అది తీసేశాక ఇంక ఆడవాళ్ల క్యాన్సర్లేవీ రావన్నారు" అంటుంది పిన్ని.

గర్భసంచి ఈస్ట్రోజెన్ తయారుచేయదు. చేసేవి అండాశయాలు. 1890లలో గ్లాస్గోలో బీట్సన్ అనే సర్జన్ ఉండేవాడు. ఈనిన ఆవులకి అండాశయాలు తీసేస్తే పాలు ఎక్కువ కాలం ఇస్తాయని కొన్నిచోట్ల రైతులు చేసే పని గురించి తెలిసి, రొమ్ముకీ అండాశయానికీ ఏదో సంబంధం ఉందని పట్టుకున్నాడు. రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒకావిడకి అండాశయాలు తీశాడు, గడ్డలు తగ్గిపోయాయి. 1896లో అచ్చువేశాడు. పశువులున్న ఊళ్లో పుట్టిన పిన్నికి నేను చెప్పిన వాటన్నిటిలో ఇదొక్కటే బాగా నచ్చింది.

పిన్ని పాత డిశ్చార్జి కాగితం వెతికి చూస్తే గర్భసంచి మాత్రమే తీశారు, అండాశయాలు ఉంచారు. మంచిదే చేశారు, నలభైలోపు అవి కూడా తీసేస్తే రొమ్ము క్యాన్సర్ రిస్కు తగ్గుతుంది గానీ ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముందే వచ్చే ప్రమాదం పెరుగుతుంది. కానీ దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. ఆంకాలజీ (క్యాన్సర్) ఓపీలో ఫారం నింపేటప్పుడు "ముట్లు ఏ వయసులో ఆగాయి?" అని అడిగితే పిన్ని 38 అని చెప్పింది. ఆవిడ దృష్టిలో నిజమే. లోపల అండాశయాలు ఇంకా ఎన్నేళ్లు పనిచేశాయో ఎవరికీ తెలియదు, పదేళ్లకు పైనే అయ్యుండొచ్చు. 38 చూసి రిస్కు తక్కువని లెక్కేస్తే ఆ లెక్క తప్పు. మీకు గాని మీ ఇంట్లోవాళ్లకి గాని గర్భసంచి తీసేసి ఉంటే, అండాశయాలు ఉంచారో తీశారో ఆ పాత కాగితం చూసి డాక్టరుకి చెప్పండి. కాగితం లేకపోతే స్కానింగ్‌లో తెలిసే అవకాశం ఉంది.

ఇక పిన్నికి నచ్చని సంగతి. బరువు.

ముట్లు ఆగాక అండాశయాల హోల్‌సేల్ దుకాణం మూతపడుతుంది గానీ, ఒంట్లో కొవ్వు చిన్న బడ్డీకొట్టు తెరుస్తుంది. కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైము ఉంటుంది. కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే మగ హార్మోన్లని అది ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎక్కువైతే ఆ ఈస్ట్రోజెనూ ఎక్కువే. అందుకే ముట్లు ఆగిన తర్వాత లావుగా ఉన్నవాళ్లలో ఈఆర్ పాజిటివ్ రకం ఎక్కువ కనిపిస్తుంది. ముట్లు ఆగకముందు ఇంతే కొవ్వు ఉన్నా లెక్క ఇలా ఉండదు, పైగా కాస్త తిరగబడుతుంది కూడా. పిన్ని అయిదడుగుల మనిషి, 74 కిలోలు. షుగరు కూడా ఉంది. అమ్మ జీవితమంతా 50 కిలోలు దాటలేదు.

అంటే ఇదే కారణమా? కాదు, కారణం అని చెప్పలేం. 74 కిలోలుండి హాయిగా తిరిగేవాళ్లు మా వీధిలోనే బోలెడుమంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా ఉండాల్సిన దానికంటే బరువే ఉన్నారు, వాళ్లందరికీ క్యాన్సర్ వస్తోందా? రిస్కు అనేది పదివేల మందిని ఒకచోట నిలబెట్టినప్పుడు కనిపించే సంగతి. అందులోంచి ఒక మనిషిని బయటికి పిలిచి "నీకిందుకు" అని చెప్పే పరికరం ఏ ల్యాబ్‌లోనూ లేదు. అమ్మకి మూడు నాలుగు అంశాలు ఎదురున్నా రాలేదు. పిన్నికి మూడు నాలుగు అనుకూలంగా ఉన్నా వచ్చింది. వీటన్నిటికంటే పెద్ద రిస్కులు రెండున్నాయి, ఆడదానిగా పుట్టడం, వయసు మీదపడటం. వాటిని ఎవరూ పోస్టర్ల మీద వేయరు.

పిన్ని ఇప్పుడు వాడుతున్నది లెట్రోజోల్. అది ఆపేది సరిగ్గా ఆ అరోమటేజ్‌నే. ఇది చెప్పాక బరువు సంగతి నేను ఇంక ఎత్తలేదు, ఆవిడే సాయంత్రం కాలవగట్టు దాకా నడవడం మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులని రోజూ నన్ను తిట్టుకుంటూ. ఆ మాత్రతో కీళ్ల నొప్పులు మామూలే, ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ కూడా చేయించారు.

ఇక్కడ నా పని గురించి ఒక్క మాట, వదిలేస్తే మనసొప్పదు. ఈఆర్ పాజిటివా నెగటివా అన్న దాని మీద ఏళ్ల తరబడి వాడే మందు ఆధారపడుతుంది. ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో, అంటే అది చెడిపోకుండా ఉంచే ద్రావణంలో, పడాలి. ఒక్కోసారి మాకు సెలైన్‌లో వేసి, కవర్లో చుట్టి, ఊరగాయ సీసాలో పెట్టి తెస్తారు. అప్పటికి రిసెప్టర్లు దెబ్బతిని, ఉన్నవి కూడా లేనట్టు కనిపించే ప్రమాదం ఉంటుంది. బయాప్సీ అయితే పక్కనున్నవాళ్లు "ఫార్మలిన్‌లో వేశారా, ఎన్నింటికి వేశారు" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మిగతా రిస్కుల్లో కొన్ని పిన్నికి వర్తించవు, కానీ చదివేవాళ్లకి పనికొస్తాయి. ముట్లు ఆగాక వేడి ఆవిర్లకి వాడే హార్మోన్ మాత్రల మీద అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అని పెద్ద పరీక్ష జరిగింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్ లాంటి మందు) కలిపి ఇచ్చిన భాగాన్ని 2002లో మధ్యలోనే ఆపేశారు. వాడనివాళ్లలో ఏడాదికి పదివేల మందిలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, వాడినవాళ్లలో 38 మందికి వచ్చింది. గర్భసంచి లేనివాళ్లకి ఒట్టి ఈస్ట్రోజెన్ ఇచ్చిన భాగంలో అలా పెరగలేదు. కాబట్టి "హార్మోన్ మాత్ర" అనగానే పారిపోనూ అక్కర్లేదు, సొంతంగా కొనుక్కుని ఏళ్లకేళ్లు మింగనూ కూడదు. ఏది, ఎవరికి, ఎన్నాళ్లు అన్నది డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

మందు సంగతి ఎత్తితే మనవాళ్లు "మా ఆడవాళ్లు తాగరండీ" అంటారు. తెలంగాణలో వందకి దాదాపు ఏడుగురు ఆడవాళ్లు తాగుతామని 2019-21 సర్వేలో చెప్పారు. కల్లు కూడా మందే. రోజుకి పది గ్రాముల ఆల్కహాల్‌కి, అంటే మామూలు బీరు ఒక గ్లాసుకి, రిస్కు 7 శాతం దాకా పెరుగుతుందని లెక్క. కాలేయం పాడవుతుందని అందరికీ తెలుసు, రొమ్ముకీ సంబంధం ఉందని తాగేవాళ్లకి కూడా తెలియదు.

బ్రా, జాకెట్లో పెట్టుకునే ఫోను, సెంటు, మీల్‌మేకరు, గేదెకి ఇంజెక్షనిచ్చి పిండిన పాలు, ఇవన్నీ పిన్నిని చూడ్డానికొచ్చినవాళ్లు వరసగా చెప్పిన కారణాలు. వీటివల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందనడానికి సరైన రుజువేదీ లేదు. సోయా వల్ల రిస్కు పెరుగుతుందనైతే అధ్యయనాల్లో కనబడలేదు. ఒకావిడ "పూర్వజన్మ పాపం" అంది, కాఫీ కూడా తాగి వెళ్లింది.

అక్కకి వేరే టెన్షన్. తనకి 39, కూకట్‌పల్లిలో ఉంటుంది. తల్లికి వచ్చింది కాబట్టి తనకీ వస్తుందా అని. తల్లికో అక్కచెల్లెళ్లకో ఉంటే రిస్కు సుమారు రెట్టింపు అంటారు, వాళ్లకి చిన్న వయసులో వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ, అరవై దాటాక వచ్చి ఉంటే అంత ఉండదు. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా ఒకే జన్యువు వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతం. అందులోనూ బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం ఉన్నవాళ్లకి ఎక్కువగా ట్రిపుల్ నెగటివ్ వస్తుంది, ఈఆర్ పాజిటివ్ వైపు మొగ్గేది బీఆర్‌సీఏ2. మా వంశంలో ఇంకెవరికీ రొమ్ముదిగాని అండాశయందిగాని లేదు, మగవాళ్లకీ లేదు. జన్యు పరీక్ష అవసరమా అన్నది పిన్ని డాక్టరే తేలుస్తానన్నారు. నలభై నిండగానే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మొదలుపెట్టమని అక్కకి చెప్పారు. అమ్మ "నాకేం నొప్పి లేదు" అంటూనే వెళ్లి చేయించుకుంది, ఏమీ లేదు.

అక్క రెండో ప్రశ్న శ్రావణ మాసందే. వ్రతానికి అడ్డొస్తుందని ముట్లు వాయిదా వేసే మాత్రలు వేసుకుంటుంది, ఏటా. డెన్మార్క్‌లో 18 లక్షల మంది ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. అది గర్భనిరోధక హార్మోన్లు వాడేవాళ్లది, అందులో తేలింది ఏడాదికి సుమారు 7,690 మందికి ఒక్క కేసు అదనంగా. కొద్దికాలం వాడినవాళ్లనీ, ఏళ్ల తరబడి వాడినవాళ్లనీ కలిపి తేల్చిన సగటు అది. నాలుగు రోజుల మాత్రని దాంతో పోల్చలేం. కానీ రక్తం గడ్డకట్టే గొడవ ఉన్నవాళ్లు ఆ మాత్ర జోలికి పోకూడదు కాబట్టి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం మానేసి ఒకసారి డాక్టరుకి చెప్పమన్నాను. "వరలక్ష్మీదేవికి ఇంత అభ్యంతరం ఉంటుందా" అని పిన్ని మధ్యలో అందుకుంది. అక్క దానికి జవాబు చెప్పలేదు.

తర్వాత మెల్లగా అసలు విషయం బయటపెట్టింది. దాని కూతురు పోయిన నెల పెద్దమనిషైంది, పదకొండు నిండగానే. నెట్‌లో చదివిందట, తొందరగా అయితే రిస్కు ఎక్కువని. ఒక ఏడాది ముందుకి జరిగితే 5 శాతం తేడా, అది కూడా ఎప్పుడో యాభైల్లో అరవైల్లో కనిపించేది. దానికి ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. ఇదంతా పిల్ల ముందు మాట్లాడొద్దని గట్టిగా చెప్పాను. ఫంక్షను హాలు బుక్ చేయొద్దని కూడా అన్నాను, అది వేరే గొడవ, అక్కడ నా మాట నెగ్గలేదు. పిల్ల చేత బ్యాడ్మింటన్ మాత్రం మాన్పించలేదు. అది ఆడుతున్న గంటా అక్క కారులో కూర్చుని సీరియల్ చూసేది. ఇప్పుడు కోర్టు చుట్టూ నడుస్తోందట.